క్లే కోర్టులో కాలు నిలవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: నాలుగేళ్లుగా సిమెంటు కోర్టులో టెన్నిస్ ఆడుతున్నాను. రెండు నెలల కిందట ఎర్రమట్టి కోర్టులున్న క్లబ్బులో చేరాను. అప్పట్నుంచీ ఆట వెనక్కే పోతోంది. పక్కకు పరిగెత్తితే కాలు జారుతుంది, ఆపుదామంటే ఆగదు. బంతి భుజం దాకా లేస్తోంది. సిమెంటు మీద పాయింటు తెచ్చిపెట్టే షాట్లన్నీ ఇక్కడ తిరిగొచ్చేస్తున్నాయి. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దాయన ఒకరు పెద్దగా చెమట కూడా పట్టకుండా నన్ను 6-1, 6-2తో ఓడించారు. మొన్న ఒక మ్యాచ్‌లో బంతి లోపల పడిందా బయటా అని, అది మట్టిలో వేసిన గుర్తు దగ్గర గొడవైంది. వెతుకుతూ వెతుకుతూ దాన్ని నేనే తొక్కేశాను. అది చాలదన్నట్టు, కోర్టు ఊడ్చకుండా వెళ్లిపోయానని మాట కూడా పడ్డాను. బూట్లు, స్ట్రింగులు మార్చాలా? అసలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

సమాధానం: బూట్ల నుంచే మొదలుపెట్టండి. స్ట్రింగుల సంగతి తర్వాత చూడొచ్చు. మీరు రాసిన కష్టాల్లో సగం పాదానికీ మట్టికీ మధ్య జరిగేవే.

క్లే కోర్టు అంటే మెత్తటి మట్టినేల అని చాలామంది అనుకుంటారు. పైన కనిపించే ఎరుపు నిజానికి ఇటుకల పొడి, అదీ చాలా పలచటి పొర. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో కూడా దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద గట్టిగా అణిచిన సున్నపురాయి పొర, ఇంకా కింద నీళ్లు ఇంకిపోవడానికి బొగ్గు చిట్టెం, కంకర, రాళ్లు ఉంటాయి. అంటే మీరు నిలబడేది గట్టి నేలమీద, దానిపై ఇసుకలాంటి పొడిమీద. ఈ పొడిని పక్కకు తోసి కింది గట్టినేలను పట్టుకోగలిగే అడుగుభాగం బూటుకు ఉండాలి.

అందుకే క్లే బూట్ల అడుగున ముని వేళ్ల నుంచి మడమ దాకా ఒకే తీరు వంకర గీతలు, చేప ముళ్ల వరసలాగా, ఉంటాయి. దీన్నే హెరింగ్‌బోన్ అంటారు. గాడి తగినంత లోతుగా ఉంటుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. అన్ని గాళ్లూ పక్కలకు తెరుచుకుని ఉంటాయి కాబట్టి ఇరుక్కున్న మట్టి రాలిపోతుంది. సిమెంటు కోర్టు బూట్లలో మధ్యమధ్య నున్నటి ముక్కలు, మూసుకుపోయిన గాళ్లు ఉంటాయి. వాటిలో మట్టి ఒకసారి నిండిందంటే బూటు అడుగు పలకలా అయిపోయి జారుతుంది. పరుగు బూట్లు ఇంకా ప్రమాదం. మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కలకు ఆసరా ఉండదు, చీలమండ ఇట్టే మడత పడుతుంది. క్లే బూట్లు కొన్నాక సిమెంటు మీదికి వేసుకెళ్లకండి, గాళ్లు త్వరగా అరిగిపోతాయి. ముందుపాదం కింద గాడి నున్నబడితే మిగతాదంతా కొత్తగా ఉన్నా ఆ జత పని అయిపోయినట్టే. నేల తడిగా ఉన్న రోజు రెండు మూడు పాయింట్లకోసారి రాకెట్ అంచుతో బూటు అడుగు అంచున రెండు దెబ్బలు వేసి మట్టి రాల్చుకోండి. పెద్ద ఆటగాళ్లు సర్వీసుకు ముందు అలా చేస్తే చూసేవాళ్లకు అలవాటులా కనిపిస్తుంది. మట్టి రాల్చడమే దాని పని.

ఇక జారడం. మొదటి మూడు వారాలు కావాలని జారడానికి ప్రయత్నించకండి. ముందు చిన్న అడుగులు నేర్చుకోవాలి. సిమెంటు మీద ఒక పెద్ద అడుగువేసి కాలు గట్టిగా నాటితే శరీరం అక్కడే ఆగుతుంది. మీ కాళ్లు ఇంకా ఆ లెక్కలోనే ఉన్నాయి. క్లే మీద ఆ పెద్ద అడుగే మిమ్మల్ని జారుస్తోంది. బంతికి రెండు గజాల దూరం ఉండగానే అడుగులు కుదించండి, నడుము దించండి, మోకాళ్లు వంచండి. బయల్దేరేటప్పుడూ ఇంతే. మొదటి అడుగు పొడవుగా వేసి నేలను తన్నితే పాదం కింద పొడి జారిపోయి ఉన్నచోటే ఉంటారు. రెండు మూడు చిన్న అడుగులతో వేగం అందుకోవాలి. అవతలివాళ్లు బంతి కొట్టే క్షణంలో రెండు పాదాలమీదా చిన్నగా ఎగిరి దిగే స్ప్లిట్ స్టెప్ ఇక్కడ మానేస్తే సిమెంటు మీదకంటే ఎక్కువ నష్టం, ఎందుకంటే ఆలస్యమైన అడుగును బలంతో సరిదిద్దుకునే అవకాశం ఈ నేల ఇవ్వదు.

అది కుదిరాక జారడం నేర్చుకోండి. రాకెట్ లేకుండా మొదలుపెట్టండి. బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెంట మధ్యరకం వేగంతో నాలుగైదు అడుగులు పరిగెత్తి, చివరి అడుగు మాత్రం పొడవుగా, తక్కువ ఎత్తులో, నేలను తాకీ తాకనట్టు వేయండి. కుడిచేత్తో ఆడేవాళ్లు ఫోర్‌హ్యాండ్ వైపు వెళ్తే జారేది కుడికాలు. పాదం అడుగంతా సమంగా ఆననివ్వండి. బొటనవేలు మీరు వెళ్తున్న దిక్కుకు కొంచెం తిరిగి ఉండాలి. పాదాన్ని పూర్తిగా అడ్డంగా పెడితే బయటి అంచు మట్టిలో దిగబడి చీలమండ తిరుగుతుంది. క్లే మీద చీలమండ గాయాలు ఎక్కువగా ఇలాగే అవుతాయి. ఎడమకాలు వెనకాల బొటనవేలి లోపలి అంచుమీద ఈడ్చుకుంటూ రావాలి. బ్రేకు అదే. ఒంటి బరువు జారే కాలి మోకాలి మీద ఉండాలి. వెనక్కి వాలితే కాలు ముందుకు ఎగిరి కూలబడతారు. మొదట్లో ఒకటిన్నర బూటు పొడవు జారితే చాలు. అదుపు వచ్చినకొద్దీ అదే పెరుగుతుంది.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. బంతి కొట్టి ఆ తర్వాత జారతారు. చూడటానికి బాగుంటుంది కానీ, కొట్టిన చోటునుంచి ఇంకో మీటరు బయటికి వెళ్లిపోతారు, వెనక్కి రావడానికి రెండు అడుగులు ఎక్కువవుతాయి. బంతి రాకముందే జారుడు మొదలవ్వాలి, ఆగేటప్పుడు దెబ్బ పడాలి, ఆ జారిన కాలితోనే నేలను నెట్టి మధ్యకు రావాలి. ఒకరిచేత చేత్తో బంతులు వేయించుకుని పదేసి చొప్పున సాధన చేయండి. దెబ్బ పడ్డాక కూడా పాదం కదులుతోందంటే మీరు ఆలస్యంగా జారారని అర్థం. బ్యాక్‌హ్యాండ్ వైపు మొదట్లో కష్టంగా ఉంటుంది, పట్టించుకోకండి. డ్రాప్ షాట్‌కు, అంటే నెట్ దాటగానే పడేలా మెల్లగా వేసిన బంతికి, ముందుకు జారేటప్పుడు మాత్రం బొటనవేలు నేరుగా నెట్ వైపే ఉండాలి. మడమ ముందు ఆని, పాదం చదునుగా దిగాలి.

ఆటకు ముందు గజ్జల దగ్గరి కండరాలను సాగదీయడం మర్చిపోకండి. అనుకోకుండా కాళ్లు రెండూ ఎడమయ్యేది ఇక్కడే, పట్టేసేది ఆ కండరమే. రెండు పక్కలకూ పదేసి సార్లు కాలు చాపి వంగి, తర్వాత కోర్టు అడ్డంగా నాలుగుసార్లు పక్క అడుగులు వేస్తే సరిపోతుంది.

నేలే బాగాలేకపోతే మాత్రం ఎవరి కాళ్లైనా ఏం చేయలేవు. 2012లో మాడ్రిడ్ టోర్నీ నీలిరంగు క్లే మీద పెట్టారు. నడాల్, జొకోవిచ్ ఇద్దరూ అది జారుతోందని బాహాటంగా విసుక్కున్నారు, మరుసటి ఏడాది మళ్లీ ఎరుపే వచ్చింది. కాబట్టి ఏ రోజైనా కోర్టు పొడిబారి దుమ్ము రేగుతుంటే మీ సాధనను తప్పుపట్టుకోకండి. నీళ్లు కొట్టమని అడగండి.

బంతి ఎత్తుగా లేవడానికి కారణం ఇది. పొడికీ బంతికీ మధ్య రాపిడి ఎక్కువ కాబట్టి ముందుకుపోయే వేగం తగ్గుతుంది. బంతి నేలను తాకినప్పుడు దాని ముందు చిన్న మట్టి గట్టులాంటిది లేచి, దాన్ని పైకి తోస్తుంది. టాప్‌స్పిన్ (బంతి ముందుకు దొర్లేలా ఇచ్చే తిప్పు) తోడైతే మీ భుజం దాకా వస్తుంది. మీరు రాకెట్‌ను కరచాలనం చేసినట్టు పట్టుకునే ఈస్టర్న్ గ్రిప్ వాడుతుంటే భుజం ఎత్తు బంతికి మణికట్టు తిరగబడుతుంది. అలాగని మ్యాచ్‌లు ఆడుతూ గ్రిప్ మార్చకండి. ఆర్నెల్లు సాధన చేసే తీరిక ఉంటే అరచేయి పిడి కిందివైపుకు ఇంకా తిరిగి ఉండే సెమీ వెస్టర్న్ వైపు కొంచెం కొంచెంగా జరగండి. లేకపోతే రెండే దారులు. బంతి బేస్‌లైన్ దగ్గర పడితే ఒకటిన్నర మీటరు వెనక్కి, ఏటవాలుగా వెళ్లి, అది దిగి నడుము ఎత్తుకొచ్చాక కొట్టండి. సర్వీస్ లైన్ (నెట్‌కూ బేస్‌లైన్‌కూ మధ్యలో ఉండే అడ్డగీత) దగ్గర పడితే ముందుకు వెళ్లి, లేస్తుండగానే తీసుకోండి. మధ్యలో నిలబడిపోయి భుజం మీదనుంచి చేయి ఊపేవాళ్లే ఓడిపోతారు. బ్యాక్‌హ్యాండ్ వైపు మరీ ఎత్తుగా వస్తే బంతిని పైనుంచి కిందికి కోసినట్టు స్లైస్ చేసి అవతలి మూలకు లోతుగా పంపండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మిమ్మల్ని ఓడించిన పెద్దాయన దగ్గర బహుశా ఇవన్నీ ఉన్నాయి. ఆయన గట్టిగా కొట్టి ఉండరు. నెట్‌పైన ఒక మీటరు, మీటరున్నర ఎత్తులో, లోతుగా, ఎదురు మూలకు పంపుతూ కూర్చుని ఉంటారు. ఆ లెక్క చూడండి. నెట్ స్తంభాల దగ్గర 107 సెంటీమీటర్లు, మధ్యలో 91.4. కోర్టు పొడవు 23.77 మీటర్లు, సింగిల్స్ మూల నుంచి మూలకు 25 మీటర్ల పైనే. అంటే క్రాస్‌కోర్ట్ కొట్టినవాళ్లకు నెట్ 15 సెంటీమీటర్లు తక్కువ, దిగడానికి మీటరుకు పైగా చోటు ఎక్కువ. మీరేమో మొదటి అవకాశంలోనే లైన్ వెంట బలంగా కొడుతుండాలి. సిమెంటు మీద అది విన్నర్. ఇక్కడ బంతి నెమ్మదించి ఆయన ముందు ఆగుతుంది, మీ వైపు కోర్టులో అవతలి మూలంతా ఖాళీ.

కాబట్టి ర్యాలీలో సర్వీస్ లైన్ లోపల పడే బంతి దొరికేదాకా మూలకు మూల ఆడండి. బలం డెబ్బై శాతం చాలు, ఎత్తు తగ్గించకండి. పొట్టి బంతి వచ్చినప్పుడే లైన్ వెంట వెళ్లి నెట్ దగ్గరికి రండి. ఇంకొకటి, క్లే మీద అన్నింటికంటే చవకగా పాయింటు తెచ్చేది: అవతలి మనిషి ఖాళీ చోటుకు పరిగెత్తుతుంటే, ఖాళీలోకి కాకుండా ఆయన వదిలి వస్తున్న చోటికే కొట్టండి. ఈ నేలమీద ఆగి వెనక్కి తిరగడానికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది. బంతి పెద్దగా వేగంగా లేకపోయినా అందదు.

డ్రాప్ షాట్ మీకు విసుగు తెప్పించి ఉంటుంది. దాన్ని మీరూ వాడొచ్చు, కానీ మీరు బేస్‌లైన్ లోపల ఉండాలి, అవతలివాళ్లు బేస్‌లైన్‌కు రెండు మీటర్లు వెనకుండాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మానుకోండి. బంతి అత్యధిక ఎత్తుకు చేరేది నెట్‌కు మీ వైపే ఉండాలి, రెండో గెంతు కూడా సర్వీస్ బాక్స్‌లోనే పడాలి. కొట్టి అక్కడే నిలబడి చూడకండి. పరిగెత్తుకుంటూ వచ్చిన మనిషి ఎక్కువసార్లు మళ్లీ పొట్టిగానే ఆడతారు. రెండడుగులు ముందుకు వేసి ఉండండి.

సర్వీసులో మొదటిది బలంతో కొట్టి తప్పడం కంటే ముప్పావు బలంతో, తిప్పుతో, బ్యాక్‌హ్యాండ్ వైపో ఒంటిమీదికో వేయడం లాభం. తిప్పుతో ఎత్తుగా గెంతే కిక్ సర్వీసు నేర్చుకుంటే క్లే మీద దానికి పూర్తి ఫలితం దక్కుతుంది. రిటర్న్‌కు మొదటి సర్వీసప్పుడు మీటరో రెండు మీటర్లో వెనక నిలబడండి, మెల్లని రెండో సర్వీసప్పుడు లోపలికి రండి.

తడిగా, చల్లగా ఉన్న రోజు బంతి మట్టిని, తేమను పట్టుకుని బరువెక్కుతుంది, తక్కువ లేస్తుంది. ఎండ కాసి నేల ఆరిన రోజు అదే కోర్టు వేగంగా, ఎత్తుగా గెంతిస్తుంది, కాలు కూడా ఎక్కువ జారుతుంది. కొత్త బంతులతో ఆడే మొదటి గేములకూ, బంతి ఉన్ని లేచాక ఆడే గేములకూ ఇలాంటి తేడానే ఉంటుంది. వార్మప్‌లో ఐదు నిమిషాలు బంతి ఎంత లేస్తోందో చూసి నిలబడే చోటు ఎంచుకోండి.

స్ట్రింగుల గురించి రెండు మాటలు. తీగల మధ్య చేరిన పొడి గరుకు కాగితంలా వాటిని కోస్తుంది. పోగులు పోగులుగా లేచే మల్టీఫిలమెంట్ తీగ క్లే మీద త్వరగా తెగుతుంది. ఇప్పుడున్న టెన్షన్‌కు (తీగల బిగువుకు) రెండు పౌండ్లు తగ్గించి వేయించుకోండి, బంతి లోతుగా పడుతుంది. పాలియెస్టర్ వేసుకుంటే తెగేదాకా ఎదురుచూడకండి. అది తెగకముందే సాగి చచ్చుబడుతుంది, మోచేతికి మంచిది కాదు. ఆట అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో తీగల కూడళ్లు దులపండి. రాకెట్ మార్చాల్సిన పని లేదు.

గుర్తు దగ్గరి గొడవలో తప్పు మీదే. అంపైర్ లేని మ్యాచ్‌లో ఎవరి వైపు పడ్డ బంతిని వాళ్లే చెప్పాలి. క్లే మీద దానికి కొన్ని అదనపు నియమాలున్నాయి. మీరు 'అవుట్' అంటే అవతలివాళ్లు గుర్తు చూపించమని అడగొచ్చు, చూడటానికి నెట్ దాటి మీ వైపు రావచ్చు. 'అవుట్' అన్నవాళ్లు మామూలుగా గుర్తు చూపించగలగాలి. గుర్తును చెరిపేస్తే ఆ నిర్ణయాన్ని వదులుకున్నట్టే, కావాలని చెరిపారా పొరపాటున తొక్కారా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు. 'అవుట్' అని పిలిచాక బంతి లోపలే పడిందని తేలితే పిలిచినవాళ్లు పాయింటు పోగొట్టుకుంటారు. గుర్తు చూసే హక్కు పాయింటు ముగిసిన బంతికీ, లేదా మీరు వెంటనే ఆట ఆపిన బంతికీ మాత్రమే. బంతిని తిరిగి కొట్టడం వరకు పర్వాలేదు, కొట్టి వెంటనే ఆగాలి. ర్యాలీ ఇంకో రెండు షాట్లు సాగాక వెనక్కి వెళ్లి వెతకడం కుదరదు. ఇద్దరికీ తేలకపోతే రిఫరీని పిలవాలి.

గుర్తు చదవడం కూడా నేర్చుకోవాలి. బంతి పడ్డ చోటు నుంచి కన్ను తిప్పకుండా నడవండి, పక్కనుంచి వెళ్లండి, రాకెట్‌తో చుట్టూ గీయండి, లోపల తాకించకండి. వేగంగా, చదునుగా వచ్చిన బంతి కోలగా, పొడవుగా గుర్తు వేస్తుంది. ఎత్తునుంచి దిగిన లాబ్ గుండ్రటి గుర్తు వేస్తుంది. బంతి వెళ్లిన దిక్కున మట్టి కొంచెం కుప్పబడి ఉంటుంది. ఆ కుప్ప దిక్కు, మీరు చూసిన బంతి దిక్కు కలవకపోతే అది వేరే పాత గుర్తు. గుర్తుకూ లైనుకూ మధ్య సన్నటి మట్టి పట్టీ చెదరకుండా కనిపిస్తే అవుట్. గుర్తు అంచు లైనును ఆనుకుని, గుండ్రం అక్కడ కోసేసినట్టు ఆగిపోతే మిగతా భాగం లైనుమీద పడిందని అర్థం, అది లోపలే. లైను ప్లాస్టిక్ పట్టీ అయితే దాని మీద గుర్తు కనపడకపోవచ్చు. అందుకే బయటి సగాన్ని మాత్రమే చూసి తొందరపడి 'అవుట్' అనేస్తుంటారు.

ఇక ఊడ్చడం. దీన్ని మర్యాద కింద లెక్కేస్తే ఎప్పుడో ఒకసారి మర్చిపోతారు. గుంటలో పడ్డ బంతి ఎటు గెంతుతుందో ఎవరికీ తెలియదు, పాత గుర్తులు చెరపకపోతే కొత్తవి కనపడవు. మీ తర్వాత ఆడేవాళ్లకు ఈ రెండూ మిగులుతాయి. మొదటే కోర్టు ఊడ్చే వల పట్టుకోకండి. మీరు జారి ఆగిన చోట్ల ఒక గుంట, దాని పక్కన ఒక కుప్ప ఉంటాయి. ఆ కుప్పను బూటుతో గుంటలోకి నెట్టి, రెండుసార్లు గట్టిగా తొక్కండి. తొక్కకుండా పైన వల లాగితే గుంట వదులు పొడితో కప్పుకుపోతుంది, కంటికి చదునుగా కనిపిస్తుంది, తర్వాతివాళ్ల చీలమండకు అది ఉచ్చు. వీలైతే సైడ్లు మారేటప్పుడే ఈ పని చేసేయండి, 90 సెకన్ల విరామంలో పది సెకన్లు పడుతుంది.

ఆ తర్వాత వలగానీ, వెడల్పు బ్రష్‌గానీ కంచె పక్కనుంచి మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా లోపలికి లాక్కుంటూ రండి. లైన్ల లోపల మాత్రమే లాగితే మట్టి కొంచెం కొంచెంగా బయటికి పోయి కంచె కింద గట్టులా చేరుతుంది, మధ్యలో గట్టి నేల బయటపడుతుంది. బేస్‌లైన్ వెనక మూడు నాలుగు మీటర్లు ఎవరూ సరిగా ఊడ్చరు, ఎక్కువ పరుగు జరిగేది అక్కడే. నడక మెల్లగా ఉండాలి. వేగంగా లాగితే వల ఎగిరెగిరి పడి అలల్లా చారలు మిగులుతాయి. చివర్లో వల కింద చేరిన మట్టిని ఒకేచోట కుప్పగా వదలకుండా విదిలించండి. తర్వాత లైన్ల బ్రష్. పట్టీ లైన్ల దగ్గర మేకు తల పైకి లేచి కనిపిస్తే కాలితో అదిమి వెళ్లిపోకండి, క్లబ్బులో కోర్టు చూసుకునేవాళ్లకు చెప్పండి.

నీళ్లు కొట్టమంటే గొట్టాన్ని నేలమీదికి సూటిగా పెట్టకండి, ధార పొరను తవ్వేస్తుంది. పైకెత్తి వానజల్లులా పడనివ్వండి. నేల అంతటా ఒకే ముదురు రంగు వచ్చి, ఎక్కడా నీరు నిలవకుండా ఉంటే చాలు. వాన వెలిశాక కోర్టు ఆడదగ్గదా కాదా తేల్చుకోవడానికి బేస్‌లైన్ వెనక మడమతో ఒకసారి గట్టిగా నొక్కి చూడండి. గుంటపడినా, బూటుకు ముద్దలా అంటుకున్నా ఇంకో గంట ఆగండి, కోర్టులోకి దిగకండి.